పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్: మిర్రర్ మార్చుకోవడం, వైఫై మాడ్యూల్ ఎక్కించుకోవడం

రాత్రి తొమ్మిదింటికి పరకాల నుంచి ఫోన్. "అన్నా, లినక్స్ మింట్ ఎక్కించిన. అంతా మంచిగనే ఉంది గని వైఫై గుర్తే కనవడ్తలేదు." డిగ్రీ చదివే పిల్లవాడు. వాళ్ల మామ ఇంట్లో మూలకు పడి ఉన్న ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాడు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అప్పటి నుంచి, విండోస్‌కు బదులు లినక్స్ ఎక్కించమని హన్మకొండలో నా దగ్గరికి వచ్చే పాత మెషీన్లూ ఎక్కువయ్యాయి, ఇలాంటి ఫోన్లూ ఎక్కువయ్యాయి.

"డేట్ ఎంత చూపెడుతుంది తమ్మీ?" అని అడిగాను. కాసేపు చప్పుడు లేదు. "రెండేండ్లు ఎనకకు ఉందన్నా. దానికి దీనికి ఏం సంబంధం?"

ఉంది. తేదీ తప్పయితే అప్‌డేట్ జరగదు. అప్‌డేట్ జరగకపోతే డ్రైవర్, అంటే పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్, దొరకదు. మిర్రర్, అంటే సాఫ్ట్‌వేర్ దించుకునే సర్వర్, పాతబడి ఉంటే డ్రైవర్ దొరికినా అది కెర్నల్‌కు, అంటే లినక్స్ గుండెకాయకు, అతకదు. అందుకే మిర్రర్ల సంగతీ, కెర్నల్‌లోకి ఎక్కే డ్రైవర్లయిన మాడ్యూళ్ల సంగతీ కలిపే రాస్తున్నాను. విడివిడిగా నేర్చుకున్నవాళ్లు ఈ రెండింటి మధ్యలోనే చిక్కుకుంటారు.

ఇక్కడ ఆదేశాలన్నీ ఫోన్లో చెప్పినట్టు, పలికే తీరులోనే రాశాను. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే కిటికీలో, మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. "హైఫన్" అన్నచోట అడ్డగీత, "స్లాష్" అన్నచోట ఏటవాలు గీత. ఉదాహరణకు తీసుకున్నది లినక్స్ మింట్ 22. ఇది ఉబుంటు అనే ఇంకో లినక్స్ రకం 24.04 వెర్షన్ మీద నిలబడ్డది కాబట్టి ఉబుంటు వాళ్లకూ చాలావరకు ఇదే పనికొస్తుంది.

చేయి పెట్టే ముందు

మింట్‌లో టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్ ముందే ఉంటుంది. తెరిచి ఒక స్నాప్‌షాట్ తీసుకోండి. పది నిమిషాలు పడితే పట్టనీయండి. పొరపాటున ఏదైనా పాడైతే వెనక్కి రావడానికి ఇదే దారి. ఇది మీ ఫొటోలకు బ్యాకప్ కాదు, సిస్టమ్ ఫైళ్లకు మాత్రమే.

వైఫై లేకుండా నెట్ ఎట్లా అంటారా? ఆండ్రాయిడ్ ఫోన్‌ను డేటా కేబుల్‌తో పెట్టి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. కంప్యూటర్ దాన్ని లాన్ కేబుల్‌లా చూస్తుంది. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే చవక కేబుల్ అయితే ఆ ఆప్షన్ బూడిద రంగులో ఉండిపోతుంది, కేబుల్ మార్చండి.

ఇక తేదీ. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ చచ్చిపోతే కరెంటు తీసినప్పుడల్లా గడియారం వెనక్కి పోతుంది. నెట్ తగిలితే మామూలుగా తనంతట తానే సర్దుకుంటుంది. కొన్ని కాలేజీ, ఆఫీసు నెట్‌వర్కుల్లో టైమ్ సర్వర్లకు పోయే దారి మూసి ఉంటుంది, అక్కడ సర్దుకోదు. అప్పుడు చేత్తో పెట్టండి. లేదంటే అప్‌డేట్ కొట్టగానే "రిలీజ్ ఫైల్ ఈజ్ నాట్ వ్యాలిడ్ యెట్" అని వస్తుంది. అంటే మీ గడియారం లెక్కన ఆ ఫైల్ ఇంకా పుట్టనే లేదన్నమాట. ఈ ఎర్రర్ చూసి మిర్రర్ చెడిందనుకుని పది మిర్రర్లు మార్చినవాళ్లు నాకు తెలుసు.

మిర్రర్ అంటే

ఇప్పుడు మన దగ్గర రేషన్ కార్డుంటే ఏ షాపులోనైనా బియ్యం తెచ్చుకోవచ్చు. ఏ షాపుకు పోయినా అదే సరుకు, కాబట్టి ఇంటికి దగ్గరున్నదానికి పోతాం. మిర్రర్ కూడా అంతే. ఉబుంటు ప్యాకేజీలన్నింటి, అంటే ఎక్కించుకునే సాఫ్ట్‌వేర్ మూటలన్నింటి, నకలు ప్రపంచంలో చాలాచోట్ల ఉంటుంది. విశ్వవిద్యాలయాలు, ఇంటర్నెట్ కంపెనీలు నడుపుతుంటాయి. మన దేశంలో ఐఐటీ కాన్పూర్ కంప్యూటర్ సైన్స్ విభాగం నడిపేది చాలామందికి తెలిసిందే.

ముక్కూ ముఖం తెలియని సర్వర్ నుంచి దించుకుంటే ప్రమాదం కాదా అని అడుగుతారు. ప్రతి మిర్రర్‌లో "ఇన్‌రిలీజ్" అనే ఫైల్ ఉంటుంది. దాని మీద ఉబుంటు వాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది. ప్యాకేజీల జాబితాలకు హ్యాష్ విలువలు, అంటే ఫైల్‌కు వేలిముద్రల్లాంటి నంబర్లు, అందులో ఉంటాయి, ఒక్కో ప్యాకేజీ హ్యాష్ ఆ జాబితాల్లో ఉంటుంది. మిర్రర్ నడిపేవాడు ఒక్క బైటు మార్చినా లెక్క కుదరదు, ప్యాకేజీలు తెచ్చే ఆప్ట్ అనే ప్రోగ్రామ్ ఒప్పుకోదు. సంచి సీలు తెగితే తిప్పి పంపడం లాంటిది. అయితే సరుకు పాతదై ఉండే అవకాశం మాత్రం ఉంది. ఇబ్బంది వచ్చేది అక్కడే.

మిర్రర్ మార్చే తీరు

మెనూలో సాఫ్ట్‌వేర్ సోర్సెస్ తెరవండి, పాస్‌వర్డ్ ఇవ్వండి. పైన మిర్రర్స్ కింద రెండు గడులుంటాయి. మెయిన్ అంటే మింట్ సొంత ప్యాకేజీలు, బేస్ అంటే ఉబుంటు ప్యాకేజీలు. సరుకులో ఎక్కువ భాగం, కెర్నల్‌తో సహా, బేస్ నుంచే వస్తుంది. కాబట్టి బేస్ మీద శ్రద్ధ పెట్టండి. దాని మీద నొక్కితే మిర్రర్ల జాబితా తెరుచుకుని, ఒక్కొక్కదాని వేగం కొలుస్తూ పోతుంది. ఒక నిమిషం ఓపిక పట్టండి. మొదట కనిపించినదాన్నే ఎంచుకోకండి, జాబితా మొత్తం కొలిచాక వరస మారుతుంది. ఎంచుకుని అప్లై కొట్టాక, క్యాష్ అప్‌డేట్ చేయమని ఒక బటన్ వస్తుంది. అదీ కొట్టండి.

దగ్గర సర్వర్ వేగంగా ఉంటుందనేది సగం నిజమే. మన ఇంటి నెట్ కంపెనీ ఏ దారిన తీసుకెళ్తుందో దాన్ని బట్టి, సింగపూర్ మిర్రర్ మన దేశపు మిర్రర్ కంటే ముందుండవచ్చు. పొద్దున కొలిస్తే ఒకటి, రాత్రి కాలనీ అంతా వీడియోలు చూసే వేళ కొలిస్తే ఇంకొకటి. మీరు మామూలుగా అప్‌డేట్ చేసే వేళకే కొలవండి.

వేగం చూశాక తాజాదనం చూడాలి. ఈ పని ఎవరూ చేయరు, నేను మాత్రం మానను. ఎంచుకున్న మిర్రర్ చిరునామాను బ్రౌజర్‌లో తెరవండి. ఉబుంటు ఫోల్డర్‌లో "డిస్ట్స్", అందులో "నోబుల్ హైఫన్ అప్‌డేట్స్" (నోబుల్ అనేది 24.04కు పెట్టిన పేరు), అందులో ఇన్‌రిలీజ్ ఫైల్. తెరిస్తే మొదటి పది వరసల్లోనే డేట్ అని ఉంటుంది. ఉబుంటు అసలు సర్వర్‌లో అదే ఫైల్ తెరిచి పోల్చండి. కొన్ని గంటల తేడా ఉంటే ఫర్వాలేదు. వారం తేడా ఉంటే ఆ మిర్రర్ ఎంత వేగంగా ఉన్నా వద్దు. ఒట్టి "నోబుల్" ఫోల్డర్‌లో చూసి లాభం లేదు. అది 2024 ఏప్రిల్‌లో 24.04 విడుదలైనప్పుడే గడ్డకట్టింది, అన్ని మిర్రర్లలోనూ ఒకే తేదీ చూపిస్తుంది.

భద్రతా అప్‌డేట్ల వరస వేరుగా ఉంటుంది, అది ఉబుంటు సెక్యూరిటీ సర్వర్‌కే నేరుగా పోతుంది. దాన్ని అలాగే ఉంచండి. మిర్రర్ ఒక పూట వెనకబడినా భద్రతా సవరణలు ఆగకూడదనే ఆ ఏర్పాటు.

అసలు ఉబుంటు వాడేవాళ్లకు 24.04 నుంచి ఫైల్ మారింది. స్లాష్ ఈటీసీ స్లాష్ ఆప్ట్ లోపల "సోర్సెస్ డాట్ లిస్ట్ డాట్ డీ" ఫోల్డర్‌లో "ఉబుంటు డాట్ సోర్సెస్" అనే ఫైల్ ఉంటుంది. అందులో "యూఆర్ఐస్" అన్న వరసలో చిరునామా మారిస్తే చాలు. ఉబుంటుకు మూలమైన డెబియన్ వాడేవాళ్లు "డెబ్ డాట్ డెబియన్ డాట్ ఓఆర్జీ" వదిలి పోవాల్సిన పని చాలావరకు ఉండదు. దగ్గరలోని సర్వర్‌కు అదే పంపిస్తుంది.

ఫైల్‌ను చేత్తో మార్చేవాళ్లు ముందు నకలు తీసుకోండి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. ఒకసారి తొందరలో, ఇంకో మెషీన్‌లో బాగా నడుస్తున్న ఫైల్‌ను తెచ్చి ఉబుంటు 22.04 మెషీన్‌లో పెట్టేశాను. చిరునామా ఒక్కటే చూశాను, పక్కన 22.04 పేరు "జామీ" ఉండాల్సిన చోట "నోబుల్" ఉందని చూడలేదు. అప్‌గ్రేడ్ కొట్టి టీ తాగి వచ్చేసరికి సిస్టమ్ సగం పాతది, సగం కొత్తది. ఆ రాత్రి మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేశాను. చిరునామా మార్చవచ్చు గాని దాని పక్కనున్న విడుదల పేరును ముట్టకూడదు.

ఇప్పుడు టెర్మినల్‌లో: సుడో ఆప్ట్ అప్‌డేట్. సుడో అంటే అడ్మిన్ హక్కుతో నడపడం. వరసలు "హిట్" అనో "గెట్" అనో మొదలైతే అంతా సవ్యంగా ఉన్నట్టే. "ఎర్" వస్తే పూర్తిగా చదవండి. "టెంపరరీ ఫెయిల్యూర్ రిజాల్వింగ్" అంటే చిరునామా దొరకలేదని, అది మీ నెట్ సమస్యో డీఎన్ఎస్ (పేరును సర్వర్ నంబరుగా మార్చే సేవ) సమస్యో గాని చాలావరకు మిర్రర్ తప్పు కాదు. "ఫైల్ హ్యాజ్ అన్ఎక్స్‌పెక్టెడ్ సైజ్, మిర్రర్ సింక్ ఇన్ ప్రోగ్రెస్" అంటే అక్కడ సరుకు దింపుతుండగా మీరు వెళ్లారని. గంట ఆగండి, లేదా వేరే మిర్రర్‌కు మారండి. ప్యాకేజీ దించేటప్పుడు "404" వస్తే మీ దగ్గరున్న జాబితా పాతదని, ఇంకోసారి అప్‌డేట్ కొడితే సరిపోతుంది.

స్కూల్ ల్యాబులో పది పన్నెండు సిస్టమ్‌లు ఉంటే ప్రతిదానికీ మిర్రర్ మార్చి కూర్చోకండి. ఒకదాంట్లో "ఆప్ట్ క్యాషర్ ఎన్‌జీ" ఎక్కించి, మిగతావాటిని ఆప్ట్ ప్రాక్సీగా దాని 3142 పోర్టుకు తిప్పండి. ఒక్క సిస్టమ్ దించుకున్న ప్యాకేజీ మిగతావాటికి లోపలి నుంచే అందుతుంది. ఒకే మొబైల్ హాట్‌స్పాట్ మీద నడిచే ల్యాబులకు ఇంతకు మించిన ఉపాయం లేదు.

మాడ్యూల్ దగ్గరికి

ట్రాక్టర్ ఒకటే. నాట్లకు మడి దున్నేటప్పుడు కేజ్‌వీల్స్ వేస్తాం, మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలేటప్పుడు ట్రాలీ తగిలిస్తాం. అన్నీ ఒకేసారి తగిలించుకుని తిరగం. కెర్నల్ ట్రాక్టర్ అనుకుంటే మాడ్యూళ్లు ఆ పనిముట్లు. వైఫై, సౌండ్, కెమెరా, టచ్‌ప్యాడ్, దేనికి దానికి ఒక మాడ్యూల్. పరికరం కనబడగానే కెర్నల్ దానికి తగినదాన్ని వెతికి ఎక్కించుకుంటుంది. అవన్నీ స్లాష్ లిబ్ స్లాష్ మాడ్యూల్స్ కింద, కెర్నల్ వెర్షన్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో ఉంటాయి. ప్రతి కెర్నల్‌కు వేరే ఫోల్డర్. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇది కళ్లారా చూడాలంటే టెర్మినల్‌లో సుడో డీమెసేజ్ హైఫన్ డబ్ల్యూ కొట్టి వదిలేయండి. డీమెసేజ్‌ను డీ, ఎం, ఈ, ఎస్, జీ అని కొట్టాలి. ఇప్పుడు ఫోన్ కేబుల్ తీసి మళ్లీ పెట్టి టెథరింగ్ ఆన్ చేయండి. వరసలు గబగబా పరుగెత్తుతాయి, వాటిలో చాలా ఫోన్లకు "ఆర్ఎన్‌డీఐఎస్ హోస్ట్" అనే పేరు కనబడుతుంది. అదే ఫోన్‌ను నెట్ కార్డుగా మార్చిన మాడ్యూల్. మీరేమీ చేయలేదు, కెర్నలే పిలుచుకుంది. అది పిలిచినా పలకని పరికరాల కోసమే ఈ మిగతా తంటా.

పిల్లవాడితో మొదట కొట్టించింది ఇది: ఎల్ఎస్‌పీసీఐ, ఖాళీ, హైఫన్ ఎన్ఎన్‌కే. వచ్చినదాంట్లో "నెట్‌వర్క్ కంట్రోలర్" అన్న వరస దగ్గర ఆగమన్నాను. వరస చివర చదరపు బ్రాకెట్లలో రెండు నంబర్లు ఉంటాయి. "చదువు." "14ఈ4, చుక్కలు, 4365 అన్నా." మొదటిది కంపెనీ, రెండోది చిప్. 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్. 10ఈసీ అయితే రియల్‌టెక్. ఇంటెల్‌ది 8086, వాళ్ల పాత ప్రాసెసర్ పేరే. ల్యాప్‌టాప్ మీది స్టిక్కర్ చూసి డ్రైవర్ వెతకకండి. ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల వైఫై కార్డులు వేసి అమ్ముతారు. ఈ నంబరే నమ్మాలి.

దాని కింద "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అని ఉంటే మాడ్యూల్ పట్టుకున్నట్టు. ఆ వరస లేకపోతే పట్టుకోలేదు. యూఎస్‌బీ వైఫై ముక్క అయితే ఈ జాబితాలో ఉండదు, ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టాలి. డ్రైవర్ ఇన్ యూజ్ ఉండి కూడా వైఫై రాకపోతే డీమెసేజ్‌లో "ఫర్మ్‌వేర్" (చిప్‌లోకి ఎక్కే చిన్న ప్రోగ్రామ్) అన్న మాట వెతకండి. "ఎర్రర్ మైనస్ 2" అని ఉంటే ఆ ఫైల్ లేదని. అప్పుడు కావలసింది మాడ్యూల్ కాదు, లినక్స్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ.

14ఈ4:4365 అంటే బీసీఎం43142. దీనికి కెర్నల్‌లో సొంత మాడ్యూల్ లేదు. బ్రాడ్‌కామ్ ఎస్టీఏ డ్రైవర్ విడిగా ఎక్కించాలి, అందులో వచ్చే మాడ్యూల్ పేరు "డబ్ల్యూఎల్", రెండే అక్షరాలు. మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే అదే చూపిస్తుంది, టిక్ పెట్టి అప్లై చేస్తే చాలు. కాని దానికి ముందు ఒక పని ఉంది.

ఈ డ్రైవర్ తయారుగా రాదు. డీకేఎంఎస్ అనే ఏర్పాటు మీ మెషీన్‌లోనే, మీ కెర్నల్ కొలతలకు దాన్ని కంపైల్ చేస్తుంది, అంటే మాడ్యూల్‌గా కుట్టి ఇస్తుంది. ఆ కొలతలే కెర్నల్ హెడర్లు. యూనేమ్ హైఫన్ ఆర్ కొట్టండి, 6.8తోనో 6.14తోనో మొదలై "జెనెరిక్" అని ముగిసే పేరు వస్తుంది. "లినక్స్ హైఫన్ హెడర్స్ హైఫన్" తర్వాత సరిగ్గా అదే పేరున్న ప్యాకేజీ ఎక్కి ఉండాలి. మిర్రర్ వారం వెనకబడి ఉంటే ఇక్కడ దెబ్బ పడుతుంది. కెర్నల్ మీరు ముందు వాడిన మిర్రర్ నుంచి వచ్చి ఉంటుంది, హెడర్లు అడిగితే ఇప్పుడున్న మిర్రర్‌లో ఆ నంబరు దొరకదు. డ్రైవర్ ఎక్కినట్టే కనబడుతుంది గాని మాడ్యూల్ తయారు కాదు. తాజాదనం చూడమని అంతసేపు చెప్పింది ఇందుకే.

ఎక్కించాక సుడో మాడ్‌ప్రోబ్ డబ్ల్యూఎల్. ఏమీ మాట్లాడకుండా ప్రాంప్ట్ వచ్చిందంటే పని అయినట్టే, లినక్స్‌లో మౌనమే అంగీకారం. "మాడ్యూల్ నాట్ ఫౌండ్" అంటే ఈ కెర్నల్‌కు తయారు కాలేదని, హెడర్లు చూడండి. "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అంటే సెక్యూర్ బూట్ అడ్డుపడిందని.

సెక్యూర్ బూట్ ఉన్న మెషీన్లు సంతకం లేని మాడ్యూల్‌ను ఎక్కనీయవు. మన ఇంట్లో తయారైన మాడ్యూల్‌కు మన సంతకం ఉంటుంది, ఆ సంతకం మనదేనని మెషీన్‌కు ఒకసారి పరిచయం చేయాలి. డ్రైవర్ ఎక్కించేటప్పుడు ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది, ఏదో ఒకటి పెట్టి కాగితం మీద రాసుకోండి. రీబూట్ చేయగానే నీలం తెర వస్తుంది. పది సెకన్లలో ఏదో ఒక కీ నొక్కకపోతే అది వెళ్లిపోతుంది, చాలామంది ఇక్కడే వదిలేసుకుంటారు. నొక్కితే "ఎన్‌రోల్ ఎంఓకే", "కంటిన్యూ", "యెస్", పాస్‌వర్డ్, "రీబూట్". పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద ఏమీ కదలకపోయినా టెన్షన్ పడకండి. తెర తప్పిపోతే సుడో ఎంఓకే యుటిల్, ఖాళీ, రెండు హైఫన్లు ఇంపోర్ట్ అని కొట్టి, స్లాష్ వార్ స్లాష్ లిబ్ స్లాష్ షిమ్ హైఫన్ సైన్డ్ స్లాష్ ఎంఓకే ఫోల్డర్‌లో ఉన్న ఎంఓకే డాట్ డీఈఆర్ ఫైల్ దారి ఇస్తే మళ్లీ అడుగుతుంది. ఆ ఫైల్ పేరులో మొదటి మూడు అక్షరాలు మాత్రం పెద్దవి.

ఆపడం, సర్దడం

ఒకే చిప్ కోసం రెండు మాడ్యూళ్లు కొట్లాడితే ఒకదాన్ని ఆపాలి. బ్రాడ్‌కామ్ ప్యాకేజీ తనకు అడ్డొచ్చే "బీ43", "బీసీఎంఏ" లాంటివాటిని తనే ఆపేస్తుంది. మనం చేయాలంటే స్లాష్ ఈటీసీ స్లాష్ మాడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్‌లో, "డాట్ కాన్ఫ్" అని ముగిసే సొంత ఫైల్ పెట్టి, "బ్లాక్‌లిస్ట్" అని రాసి పక్కన మాడ్యూల్ పేరు రాయాలి. తర్వాత సుడో అప్‌డేట్ హైఫన్ ఇనిట్ ర్యామ్ ఎఫ్ఎస్, ఖాళీ, హైఫన్ యూ. ఇది చేయకపోతే బూట్ మొదట్లో ఎక్కే మాడ్యూళ్ల మీద మీ మార్పు పనిచేయకపోవచ్చు. బ్లాక్‌లిస్ట్ చేసినా ఇంకో మాడ్యూల్ దాన్ని కోరితే ఎక్కుతుంది. తనంతట తాను రావడమే ఆగుతుంది.

ఆపే ముందు మాడ్‌ఇన్ఫో పక్కన ఆ పేరు కొట్టి, అది దేనికోసమో చదవండి. నేనొకసారి పేర్లు ఒకేలా ఉన్నాయని "ఐ2సీ"తో మొదలయ్యేది ఒకటి ఆపేసి, రీబూట్ చేస్తే టచ్‌ప్యాడ్ పోయింది. మౌస్ తెచ్చేదాకా కీబోర్డుతోనే కుస్తీ పట్టాను. అందుకే ముందు సుడో మాడ్‌ప్రోబ్ హైఫన్ ఆర్‌తో తాత్కాలికంగా దించి చూడాలి. అది రీబూట్‌తో పోతుంది. బాగుందనిపిస్తేనే ఫైల్‌లో రాయాలి.

అదే ఫోల్డర్‌లో "ఆప్షన్స్" వరసలు కూడా రాయవచ్చు. పాట ఆగినప్పుడల్లా స్పీకర్ టప్పుమంటుంటే: ఆప్షన్స్, ఎస్ఎన్‌డీ అండర్‌స్కోర్ హెచ్‌డీఏ అండర్‌స్కోర్ ఇంటెల్, పవర్ అండర్‌స్కోర్ సేవ్ సమానం 0. కరెంటు పొదుపు కోసం సౌండ్ చిప్ నిద్రపోతూ లేస్తూ ఉండటం ఆగుతుంది. మాడ్యూల్ పేర్లలో అండర్‌స్కోర్ రాసినా హైఫన్ రాసినా కెర్నల్‌కు ఒకటే. పాత ల్యాప్‌టాప్‌లలో మూత మూసి తెరిస్తే టచ్‌ప్యాడ్ కదలకపోతే, పీఎస్‌మౌస్ మాడ్యూల్‌ను దించి మళ్లీ ఎక్కిస్తే చాలాసార్లు లేచి కూర్చుంటుంది.

కెర్నల్ మారిన రోజు

నెలకోసారో రెండుసార్లో కెర్నల్ అప్‌డేట్ వస్తుంది. కొత్త కెర్నల్, కొత్త ఫోల్డర్. మీ వైఫై మాడ్యూల్ పాత ఫోల్డర్‌లో ఉంది. డీకేఎంఎస్ కొత్తదానికి మళ్లీ తయారు చేయాలి, దానికి మళ్లీ హెడర్లు కావాలి. అందుకే అప్‌డేట్ అయ్యాక రీబూట్ చేయకముందే "డీకేఎంఎస్ స్టేటస్" కొట్టండి. కొత్త కెర్నల్ నంబరు పక్కన "ఇన్‌స్టాల్డ్" అని ఉంటేనే రీబూట్. లేకపోతే నెట్ ఉన్నప్పుడే హెడర్లు తెచ్చుకోండి. మరిచిపోయి రీబూట్ చేసేశారనుకోండి, బూట్ మెనూలో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" కింద పాత కెర్నల్ ఉంటుంది, దాంట్లోకి పోతే వైఫై ఉంటుంది. మెనూ కనబడకపోతే మెషీన్ ఆన్ కాగానే ఎస్కేప్ కీ, పాత బయోస్ మెషీన్లలో షిఫ్ట్ కీ.

ప్రతి అప్‌డేట్‌కూ ఈ తంటా వద్దనుకుంటే, కెర్నల్‌లోనే మాడ్యూల్ ఉన్న యూఎస్‌బీ వైఫై ముక్క కొనుక్కోవడం తెలివైన పని. "ఏటీహెచ్9కే హెచ్‌టీసీ" మాడ్యూల్‌తో నడిచే ఏఆర్9271 చిప్ ముక్కలు పెట్టగానే పలుకుతాయి. వేగం తక్కువే, 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పడుతుంది. కాని నాలుగేళ్లుగా నా బ్యాగులో ఒకటి ఉంది, ఏ మెషీన్‌లోనూ మొండికేయలేదు.

పరకాల పిల్లవాడికి ఆ అవసరం రాలేదు. పదిన్నరకు వైఫై గుర్తు వచ్చింది. మళ్లీ రెండు వారాలకు ఫోన్ చేశాడు. "అన్నా, కెర్నల్ అప్‌డేట్ వచ్చింది. డీకేఎంఎస్ స్టేటస్ కొట్టిన. రెండు వరసలున్నయ్, రెండిట్ల ఇన్‌స్టాల్డ్ అనే ఉంది. ఇగ రీబూట్ కొట్టాల్నా?"

"కొట్టు తమ్మీ."